పట్టుకునే ఆమె

రాహేలమ్మ వీధిలోకి వస్తే పిల్లలు చేతులు వెనక్కి దాచుకుంటారు.

ఆ బుధవారం సాయంత్రం కూడా అంతే జరిగింది. చంద్రశేఖర్ డాక్టరు గారి ఆసుపత్రిలో పని ముగించుకుని, వేళ్ళ సందుల్లో కార్బాలిక్ సబ్బు వాసన ఇంకా పోకముందే ఆమె ఆత్మకూరులో బస్సులు ఆగే చోటు దాటి తమ సందు మలుపు తిరిగింది. మలుపులో విస్తర్లు కుట్టే శీనమ్మ ఇల్లు. అరుగు ముందు ఐదారుగురు పిల్లలు ఆసుపత్రి ఆట ఆడుతున్నారు. ఒక పిల్ల దుమ్ములో వెల్లకిలా పడుకుని రోగి అయింది. ఇంకో పిల్ల చేతిలో తుమ్మముల్లు, అది సూది. శీనమ్మ కూతురు పెంచలమ్మకు ఏడేళ్ళు. ఆ గుంపులో అదే పెద్దది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎవరు ఏం చెయ్యాలో చెబుతూ ఉంది.

"ఏయ్ ఎస్తేరూ, నువ్వు రా. మీయమ్మ మాదిరి దీని చేతులు పట్టుకో. గట్టిగా పట్టుకో."

గోడవార నిలబడి ఉన్న ఐదేళ్ళ ఎస్తేరు రాహేలమ్మ కూతురు. "నేను పట్టుకోను. నేను మందు కలుపుతా" అంది.

"పట్టుకుంటేనే నీకు ఆట. లేదంటే పో."

ఎస్తేరు కాసేపు బొటనవేలితో నేల గీకింది. తర్వాత వచ్చి గొంతుక్కూర్చుని ఆ పిల్ల మణికట్లు రెండూ పట్టుకుంది. పడుకున్న పిల్ల మొదట ఉత్తుత్తినే కేకలు పెట్టింది. అంతలోనే నిజంగా కేక పెట్టి విదిలించుకుని లేచింది.

"ఇది నిజంగా పట్టుకుంటాది! దీంతో నేను ఆడను."

అప్పుడే పెంచలమ్మ తల తిప్పి చూసింది. "పట్టుకునే ఆమె వచ్చిందే!" అని ఒక్క కేక. గుంపంతా చెదిరిపోయింది. ఎవరి చేతులు వాళ్ళ వీపుల వెనక్కి పోయాయి. గోడవార ఎస్తేరు ఒక్కతే మిగిలింది.

అరుగు మీద మోదుగాకులు పేర్చుకుంటున్న శీనమ్మ పుల్ల నోట్లో పెట్టుకునే నవ్వింది. "ఏమనుకోబాకమ్మే రాహేలూ. అన్నం తినకపోతే నీకు పట్టిస్తానని నేనే బెదిరిస్తా ఉంటా. నీ పేరు చెప్తే రెండు ముద్దలు ఎక్కువ తింటాది."

"తిననీలే అక్కా" అంది రాహేలమ్మ. నవ్వింది కూడా. కూతురు చెయ్యి అందుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఆ చిన్న చేతిని ఎంత గట్టిగా పట్టుకుంటున్నానో అని చూసుకుంటూ, వదులు చేస్తూ, మళ్ళీ జారిపోతుందేమోనని బిగిస్తూ నడిచింది.

రాత్రి సంగటి కలుపుతుంటే ఎస్తేరు అడిగింది. "అమా, నువ్వు ఎందుకు పట్టుకుంటావు?"

"కదిలితే కత్తి పక్కకు పోతాది గదా. అందుకని."

"నొప్పి లేకుండా చేస్తే కదలరు గదా."

"దానికో మందుండాది. తిమ్మిరి మందు. సూదితో ఏస్తే అక్కడ కోసినా తెలీదు."

"మరి ఎయ్యండి."

"అది మన దగ్గర అయిపోయిందమ్మా. మద్రాసు నించి రావాల" అంది రాహేలమ్మ. అది ఆమె నమ్మిన మాటే.

*

ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా. లోపల గదిలో గోడకు బల్ల. దాని మీద కూర్చునేవాళ్ళు కూర్చుంటారు. మిగతావాళ్ళకు వరండాలో నేల. ఫలానావాళ్ళు ఇక్కడే కూర్చోవాలని ఎవరూ రాసి పెట్టలేదు. చెప్పులు విప్పే తీరును బట్టి ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది.

మందులన్నీ కాంపౌండరు వీరరాఘవులు చేతిలో ఉంటాయి. అరవై దాటిన మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి తగిలించుకుంటాడు. సీసాలో చివరి చుక్క కూడా దిగేదాకా తలకిందులుగా పట్టుకుని నిలబడతాడు. గాయం తుడిచిన లింటు గుడ్డను ఉడకబెట్టి ఆరబెట్టి మళ్ళీ మడత పెడతాడు. ఏడాది కిందట రాహేలమ్మను పనిలో పెట్టింది ఆయనే. మొదటి రోజు ఆమె చేతులు తిప్పి చూసి "పటకారు మాదిరి ఉండాయి, పనికొస్తాయి" అన్నాడు. రాపూరు పక్క అబ్రకం గనులకు పోయి నెలకొకసారి వచ్చే ఆమె మొగుడు ఆ మాట విని వారం రోజులు నవ్వాడు.

గురువారం పొద్దున జలదంకి నుంచి ఒక బండిమనిషి వచ్చాడు. తుమ్మముల్లు మడమలో విరిగి చీము పట్టింది. కాలు ఇంత లావున వాచింది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు. "రాఘవులూ, తిమ్మిరి మందుందా?"

"అయిపోయింది సార్. రాసి పంపినాం, రాలా."

రాహేలమ్మ గోడ మేకుకు తగిలించిన చెంచా తీసింది. ఉదయగిరిలో ఆమె తండ్రి కొండలయ్య అక్కడి కొండల్లో దొరికే గట్టి నర్దిచెక్కతో చెక్కిన చెంచా అది. బండిమనిషి దాన్ని పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఆమె అతని కాలు ఒళ్ళోకి తీసుకుని, మోకాలి కింద ఒక చెయ్యి, పాదం మీద ఒక చెయ్యి వేసి, తన బరువంతా ముందుకు వంచింది. పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. మనిషి ఊపిరి తీసుకునేటప్పుడు కాదు, వదిలేటప్పుడు బిగించాలి. కత్తి దిగింది. కాలు చేపలాగా కొట్టుకుంది. ఆమె వదల్లేదు. చెంచా మీద పళ్ళు కరకరమన్న చప్పుడు ఆమెకు తన దవడలో వినపడింది.

"అయిపోయింది నాయనా, అయిపోయింది" అంటూనే ఉంది. అది ఎప్పుడూ అయిపోక ముందే అనే మాట.

మధ్యాహ్నం కిరాణా వర్తకుల ఇంటి పద్మావతమ్మ గారు పన్ను నొప్పితో వచ్చి బల్ల మీద కూర్చుంది. అప్పుడు డాక్టరు ఏమీ అడగలేదు. వీరరాఘవులే లోపలికి పోయి గాజు మందుగొట్టం ఒకటి తెచ్చి, దాని మెడ మీద చిన్న ఆకురాయితో గీత గీసి, టక్కున విరిచాడు.

"ఒక్కటే మిగిలుండాది సార్, ఎందుకైనా మంచిదని దాచినా."

పద్మావతమ్మ పన్ను ఊడిన సంగతి చిగురులో దూది పెట్టేదాకా ఆమెకే తెలియలేదు. "ఏందయ్యో, పీకినారా?" అని పెదవి తడుముకుని, అది తనది కానట్టు ఉంటే ముసిముసిగా నవ్వుకుంది. ఆమెను చూస్తే రాహేలమ్మకు కూడా నవ్వొచ్చింది. పోనీలే, ఆ ఒక్కటైనా ఈ తల్లికి దక్కింది అనుకుంది. సిరంజి ఉడకబెట్టడానికి స్టవ్వు పంపు కొడుతుండగా మాత్రం, ఇట్లా ఒక్కటే మిగలడం ఈ ఏడాదిలో ఎన్నోసారో అని ఒక ఆలోచన వచ్చింది. నీళ్ళు కాగాయి. ఆలోచన పోయింది.

పోయేటప్పుడు వీరరాఘవులు కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. కలకండ. "ఎస్తేరు డాక్టరమ్మకు" అన్నాడు. అది వారానికొకసారి ఉండేదే.

*

శుక్రవారం డాక్టరు మందులకు నెల్లూరు పోయాడు. ఆ రోజు బీరువా దులపడం. వీరరాఘవులు అన్నానికి ఇంటికి పోగానే రాహేలమ్మ స్టూలు వేసుకుని పై అర నుంచి మొదలుపెట్టింది. దూది కట్టలు దించింది. వాటి వెనక గోడకు ఆనుకుని ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. చీమలు పట్టాయేమోనని మూత తీసింది.

లోపల దూది పరుపు. దాని మీద వరసగా, పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు, గాజు మందుగొట్టాలు. పదకొండు. నిన్న విరిచిన దాని మీద ఉన్న కాగితమే వీటి మీదా ఉంది. మిషను బడిలో ఐదో క్లాసు దాకా చదివిన ఇంగ్లీషు అక్షరాలు ఆమె ఒక్కొక్కటే కూడబలుక్కుంది. కింద అంకెలు మాత్రం సులువుగానే చదివింది. వెయ్యిన్ని తొమ్మిది వందల యాభై ఒకటి. అంటే ఆ మందు చేసి మూడేళ్ళు.

ఒకటి తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుంది. ఈ మందు బావినీళ్ళ మాదిరి తేటగా ఉంటుందని ఆమెకు తెలుసు. ఇది మెంతులు నానబెట్టిన నీళ్ళ మాదిరి ఉంది. ఇంకోటి తీసింది. అది ఇంకా పచ్చగా ఉంది.

ఆమె స్టూలు మీదనే కూర్చుండిపోయింది. మందు లేకుండా కోసిన కలువాయి గొర్రెల కాపరి ముంజెయ్యి గుర్తొచ్చింది. నీటిగంగాళం మీద పడి గడ్డం చీలిన మూడేళ్ళ పిల్లోడు. వాడు ఆమె చేతుల్లోనే ఉచ్చ పోసుకున్నాడు. వాళ్ళమ్మ వరండాలో చెవులు మూసుకుని కూర్చుంది. వాడిని పట్టుకున్న రోజు ఈ డబ్బా ఇక్కడే, ఈ గోడకు ఆనుకునే ఉంది.

"ఎవురు దించమన్నారు దాన్ని?"

వీరరాఘవులు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వచ్చి డబ్బా అందుకున్నాడు. భుజం మీద తువ్వాలుతో మూత తుడిచాడు.

"ఉంటే లేదన్నారే అయ్యా" అంది రాహేలమ్మ.

"ఉన్నదంతా ఏసేస్తే రేపు? రేపు ఎవుడో బండి కింద కాలు నలిగి వస్తాడు. అప్పుడు ఏంజేస్తావు? యుద్ధం రోజుల్లో చుక్క మందు దొరక్క మనుషులు ఎట్ట అరిచినారో నేను చూసినాను. నువ్వు చూళ్ళేదు. మంచి మందు దాచుకోవాల."

"పచ్చబడినాయి గదయ్యా."

"కొంచెం రంగు తిరిగినాయి, అంతే." ఆయన డబ్బా వంక చూడకుండా అన్నాడు. "ఊరికే ఎవురికీ ఎయ్యనని కాదు. బల్ల మీదోళ్ళకు ఓర్పు లేదు, అరిచి ఊరంతా లేపుతారు. కాయకష్టం చేసేవాళ్ళు ఓర్చుకుంటారు. మీ వాళ్ళకు ఓర్పుండాది. అది దేవుడిచ్చింది."

రాహేలమ్మ దూది కట్టలు మళ్ళీ పైకి అందించింది. ఓర్పు కాదయ్యా, నా చేతులు, అందామనుకుంది. అనలేదు. ఆయన కలకండ పొట్లం ఇంకా ఇంట్లో గూట్లో ఉంది.

*

శనివారం సాయంత్రం బస్సుకు ఉదయగిరి నుంచి కొండలయ్య దిగాడు. నడుముకు చెక్కలు గీకే కత్తి, భుజాన సంచి. సంచిలో గరిటెలు, చెంచాలు, ఎస్తేరుకు తల దువ్వుకునే చెక్క దువ్వెన. ఆయన వస్తే ఇల్లంతా రంపపు పొట్టు వాసన.

"ఆసుపత్రి చెంచా అరిగిందన్నావే. కొత్తది తెచ్చినా. పాతది ఇయ్యి, కొలత చూసుకుంటా."

కూతురు పనిచేసే ఆసుపత్రిలో తన చెంచాలతో మందులు కలుపుతారని కొండలయ్య ఉదయగిరిలో అందరికీ చెప్పుకున్నాడు. ఆయన అట్లా అనుకుంటే అనుకోనీ అని రాహేలమ్మ ఏడాదిగా ఊరుకుంది. ఇప్పుడు ఏ ధ్యాసలో ఉందో, శుభ్రంగా తోమేదానికని ఇంటికి తెచ్చిన పాత చెంచా తన సంచిలోంచి తీసి ఇచ్చేసింది.

కొండలయ్య దీపం దగ్గరికి జరిగాడు. చెక్కపనివాడు చెక్కను కళ్ళతో చూడడు. బొటనవేలితో కాడ పొడుగునా రాసుకుంటూ పోయాడు. వేలు ఆగింది.

"ఇవి పళ్ళు."

రాహేలమ్మ పొయ్యి ఊదుతున్నది ఆపింది.

"ఇది మొగమనిషి. ఈ పక్క దవడ పన్ను లేదు." వేలు ఇంకొంచెం జరిగింది. "ఇదీ పెద్ద నోరే. ఇది..." అని మళ్ళీ వెనక్కి వచ్చి తడిమాడు. దీపానికి ఇంకా దగ్గరగా పెట్టాడు. "ఇవి పాలపళ్ళు గదమ్మా."

ఎస్తేరు కొత్త దువ్వెన జుట్టులో గుచ్చుకుని తాత తొడ మీద వాలి చూస్తూ ఉంది. కొండలయ్య ఆ బిడ్డ నోటి వంక చూశాడు. చెంచా వంక చూశాడు.

"నొప్పికి కొరుక్కునేదానికి ఇస్తారా దీన్ని?"

"అవు నాయనా."

"కొరికేటప్పుడు బిడ్డను పట్టుకున్నదెవురు?"

"నేనే."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండును. పాత చెంచాను పొయ్యిలో పెట్టబోయి, మనసొప్పక చూరులో దోపాడు. చేతులు దులుపుకుంటూ అన్నాడు. "కొరికినా ఇరగని చెక్క అని మెచ్చుకుని అమ్ముకుంటా నేను. ఇట్ట కొరికేదానికని కాదు."

ఆదివారం మిషను గుళ్ళో ప్రార్థన అయ్యాక బస్సెక్కబోతూ కొత్త చెంచా కూతురి చేతిలో పెట్టాడు. "మందే కలుపుకోండి దీంతో. ఎవురి నోట్లోనూ పెట్టబాకండి." బస్సు కదిలాక కూడా కిటికీలోంచి అదే చెప్పాడు.

*

సోమవారం పొద్దున ఆమె పనికి బయలుదేరేసరికి సందు మలుపులో పిల్లలు గోళీలాడుతున్నారు. ఎవరో చూశారు. "పట్టుకునే ఆమె!" అని కేక. పెంచలమ్మ అందరికంటే ముందు పరిగెత్తి, దొడ్డి చుట్టూ వేసిన రేగుకంప కింద దూరింది. ఎప్పుడూ దూరే సందే. ఈసారి చెవి పోగు కంపకు తగులుకుంది. పిల్ల ఆగలేదు.

ఆ కేకకు శీనమ్మ ఆకులు పారేసి వచ్చేలోపే రాహేలమ్మ కంప ఎత్తిపట్టి పిల్లను బయటికి తీసింది. చెవి తమ్మె కిందికంటా రెండుగా చీలి ఉంది. మెడ మీద రక్తం. తనను ఎత్తుకున్నది ఎవరో తెలిసి పెంచలమ్మ ఇంకా గట్టిగా అరిచింది. "వద్దు, ఈమె వద్దు, ఈమె పట్టుకుంటాది!" రాహేలమ్మ ఆ అరుపు చెవి పక్కనే వింటూ పిల్లను ఆసుపత్రి దాకా మోసుకుపోయింది. వెనక శీనమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

డాక్టరు చెవి తిప్పి చూశాడు. "మూడు కుట్లు పడతాయి. రాఘవులూ, మొన్న నేను తెచ్చిన కొత్త తిమ్మిరి మందు సీసా తీయి. లిగ్నోకేన్."

వీరరాఘవులు కదలలేదు. "ఒక్కటే సీసా సార్. అదయిపోతే మళ్ళీ నెల్లూరు పోవాల. మూడు కుట్లకు ఎందుకు సార్? సూది పోటూ పోటే, కుట్టూ పోటే. రాహేలు ఉండాది గదా, పట్టుకుంటాది. రెండు నిమిషాల పని."

వరండా నిండా జనం. డాక్టరు గడియారం చూశాడు. "సరే, కానీయండి. పట్టుకో రాహేలమ్మా."

రాహేలమ్మ నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి చేతులకు సబ్బు రుద్దుకుంటూ ఉంది. మోచేతుల దాకా నురగ. రుద్దుకుంటూనే ఉంది.

"చాల్లే, రా."

"నేను పట్టుకోను సార్."

ఎవరో వేరే మనిషి అన్నట్టు డాక్టరు అటూ ఇటూ చూశాడు.

శీనమ్మ వచ్చి రాహేలమ్మ చెయ్యి పట్టుకోబోయింది. నురగకు జారింది. "నా బిడ్డ మీద కోపమా మే? పిల్లకాయలు, తెలీక ఏందో అంటారు. ఇంకెప్పుడూ బెదిరించను. నీ బిడ్డను ఆటకు రానిమ్మని నేను చెప్తా. పట్టుకో తల్లీ."

"కోపం కాదు శీనమ్మక్కా." ఆమె నురగ చేతులు వెనక్కి తీసుకుంది. "మందుండాది. ఉండగా నేను పట్టుకోను."

"పట్టుకోకపోతే నీకు ఇక్కడ పనేముంది?" అన్నాడు డాక్టరు. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు.

ఆ ప్రశ్న ఆమె రాత్రంతా తనకు తాను వేసుకున్నదే. ఎస్తేరును వచ్చే నెల బడిలో వెయ్యాలి. మొగుడికి గనుల పని ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఈ పటకారు చేతులకు ఇంకో పని ఎవరిస్తారు?

"పట్టుకునేదానికే పెట్టుకున్నారు సార్. మానమంటే మానుకుంటా. ఈ బిడ్డను మాత్రం పట్టుకోను." తర్వాత ముసలాయన వైపు తిరిగింది. "అయ్యా, మీరే తీయండి."

డబ్బా సంగతి ఆమె చెప్పలేదు. చెప్పకుండా ఉన్నందుకే ఆయన ఆమెను చూడలేకపోయాడు. స్టూలు వేసుకుని ఎక్కాడు. దూది కట్టలు జరిపి డబ్బా దించాడు. కొత్త సీసా కూడా ఆయన అందులోనే దాచాడు మరి. మూత తియ్యగానే, దూది పరుపు మీద, కొత్త సీసా పక్కన, పదకొండు పచ్చని గొట్టాలు.

డాక్టరు ఒకటి తీసి వెలుతురుకు పట్టుకున్నాడు. కాగితం చదివాడు.

"అడిగినప్పుడల్లా అయిపోయిందన్నావే రాఘవులూ."

"రేపటికని సార్" అన్నాడు ముసలాయన.

అడిగి ఊరుకున్నది డాక్టరే గదా. ఆ గొట్టాల్ని ఒక్కొక్కటే బకెట్టులో పడేశాడు. ఒక్కొక్కటీ టంగుమన్నప్పుడల్లా వీరరాఘవులు భుజాలు కొంచెం దగ్గరికి ముడుచుకున్నాయి. ఏడోదానికి రాహేలమ్మ తల తిప్పుకుంది. తన వల్లే ఆయనకింత అయిందని ఆమె కళ్ళు మండాయి. సబ్బువల్ల కాదు.

సిరంజిలో మందు తీసింది మాత్రం ఆయనే.

సన్నటి సూది తమ్మె వెనక దిగింది. పెంచలమ్మ "అమ్మో" అని ఒక్కసారి ముడుచుకుంది. అప్పటికే రాహేలమ్మ చేతులు కడుక్కుని వచ్చి, అలవాటు కొద్దీ పిల్ల మణికట్లు రెండూ పట్టుకుని ఉంది. పట్టుకున్నట్టు ఆమెకే తెలియలేదు.

"వదులు" అన్నాడు డాక్టరు.

వదిలింది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీరకు తుడుచుకుంది. బల్ల అంచు మీద పెట్టింది.

కాసేపాగి డాక్టరు తమ్మె గిల్లాడు. "తెలస్తా ఉండాదా?"

"గిల్లితే చెప్తా" అంది పెంచలమ్మ. ఇంకా వెక్కుతూనే ఉంది.

డాక్టరు సూదికి దారం ఎక్కించుకున్నాడు. పెంచలమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. బల్ల అంచు మీద ఉన్న రాహేలమ్మ చూపుడువేలును తడితడిగా ఏదో పట్టుకుంది. చూస్తే పిల్ల చెయ్యి. ఎవరి వేలో చూసుకుని పట్టుకున్నది కాదు. దొరికిందని పట్టుకుంది. రాహేలమ్మ ఊపిరి బిగబట్టి ఆ వేలును కదపకుండా ఉంచింది. ఒక కుట్టు. రెండు. మూడు. దారం కత్తిరించిన చప్పుడు.

"సార్, కుట్టేదెప్పుడు?" అని అడిగింది పెంచలమ్మ కళ్ళు మూసుకునే.

శీనమ్మ ఏడుస్తూ నవ్వింది. "అయిపోయిందే నా తల్లీ!"

పెంచలమ్మ కళ్ళు తెరిచి, పట్టుకున్న వేలు ఎవరిదో చూసింది. ఆ తర్వాత కూడా కొంచెంసేపు వదల్లేదు.

*

మంగళవారమంతా వీరరాఘవులు రాహేలమ్మతో మాట్లాడలేదు. సిరంజి కావాలంటే తానే పోయి తెచ్చుకున్నాడు. కలకండ పొట్లం లేదు. రేపటి నుంచి రావద్దని ఎవరూ చెప్పలేదు, రమ్మని కూడా చెప్పలేదు. ఆమె వచ్చి ఊడ్చింది, నీళ్ళు కాచింది. ఒక ముసలామెకు మెడ మీద గడ్డ కోశారు. మందు వేసే కోశారు. గోడ మేకుకు చెంచా లేదు. ఎవరూ అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆయన పిలిచాడు.

"నీకు రాసేది వచ్చు గదా?"

"వచ్చయ్యా. నిదానంగా వస్తాది."

సీసా ముందు పెట్టాడు. ప్లాస్టరు ముక్క ఒకటి కత్తిరించి ఇచ్చాడు. "సూదితో మొదట మూత గుచ్చిన తేదీ రాసి అంటించు. నా కళ్ళకు కనపడి చావదు. దీన్ని కింద అరలో పెట్టు, ఎదురుగా. నేను మాటిమాటికి స్టూలు ఎక్కలేను."

రాహేలమ్మ నాలిక బయటికి పెట్టి, బడిలో రాసినట్టు గుండ్రంగా రాసింది. ఆయన దారపు కళ్ళజోడు సర్దుకుని ఆ అంకెలను చాలాసేపు చూశాడు.

"మందు పట్టిందా లేదా గిల్లి చూసే పని నీకిమ్మన్నాడు డాక్టరు. మెల్లిగా గిల్లు. పటకారు మాదిరి కాదు." అని లేచి పోతూ పోతూ పొట్లం ఒకటి బల్ల మీద వదిలిపెట్టాడు.

సాయంత్రం సందు మలుపు తిరుగుతూ ఆమె అలవాటుగానే అడుగు నెమ్మది చేసింది. అరుగు ముందు ఆట సాగుతూ ఉంది. ఒక పిల్ల నేల మీద పడుకుని ఉంది. చెవికి దూదికట్టుతో పెంచలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఎస్తేరు గోడవార లేదు. మధ్యలో కూర్చుని, కొబ్బరిచిప్పలో నీళ్ళు పోసుకుని, తాత తెచ్చిన కొత్త చెంచాతో తిప్పుతూ ఉంది.

"ఏయ్, అప్పుడే కొయ్యబాక! మందేసి యాభై దాకా లెక్కపెట్టాల. ఎస్తేరూ, గిల్లి చూడు."

ఎస్తేరు చెంచా పక్కన పెట్టి రెండు వేళ్ళతో గిల్లింది. "తెలస్తా ఉండాదా?"

"తెలీలా" అంది రోగి, నవ్వు ఆపుకుంటూ.

అంతలో ఎవరో రాహేలమ్మను చూశారు. ఆట ఆగింది. ఒకటి రెండు చేతులు వీపుల వెనక్కి పోయాయి. రాహేలమ్మ అక్కడే ఆగిపోయింది, ముందుకు పోవాలో వెనక్కి పోవాలో తెలియక.

పెంచలమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "అత్తా, నీ చెయ్యి పెట్టు" అంది.

రాహేలమ్మ వంగి చెయ్యి చాపింది. పెంచలమ్మ ఆ మణికట్టు మీద, చర్మం పలచగా ఉన్న చోట చూసుకుని, గోళ్ళతో గట్టిగా గిల్లింది.

"తెలస్తా ఉండాదా?"

కళ్ళలో నీళ్ళు తిరిగేంత నొప్పి. "తెలీలా" అంది రాహేలమ్మ.

"నేనత్తా!" అని ఒకడు. "నేను, నేను!" అని ఇంకొకతి. వీపుల వెనక నుంచి చేతులు ఒక్కొక్కటే ముందుకు వచ్చాయి. ఆమె దుమ్ములోనే గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాపింది. మట్టిచేతులు, జిగటచేతులు, గోళ్ళు పెరిగిన చేతులు. గిల్లిన ప్రతిదీ ఆమెకు తెలుస్తూనే ఉంది.

"తెలీలా" అంటూనే ఉంది. "ఊహూ, ఇదీ తెలీలా."